మూగజీవి మూత్రబంధము

పశ్చిమ ప్రకాశమున ఎండకాలము ప్రవేశించినంతనే ఇంటింట వినవచ్చు మాట యొకటి కలదు. అది "వేడి చేసినది" అను మాట. మూత్రమున మంట పుట్టినను, కన్నులు ఎఱ్ఱబడినను, నోట పొక్కులు లేచినను దానినే కారణముగా చెప్పుదురు. మందును ఇంటనే యుండును: పలుచని మజ్జిగ, సబ్జా గింజల నీరు, బార్లీ గంజి, కొబ్బరినీరు. మార్కాపురమున, గిద్దలూరున, కంభమున, కనిగిరిలో ఈ గృహవైద్యము తరతరములుగా సాగుచున్నది. మనుష్యుల విషయమున అది పెక్కుసార్లు మేలే చేయుచున్నది. కాని ఆ మాటనే, ఆ మందునే ఇంటి కుక్కకు వర్తింపజేసినపుడు ఒక్కొక్కసారి ప్రాణాపాయము వాటిల్లును.

అది జరుగు తీరు సాధారణముగా నిట్లుండును. మగకుక్క ఉదయమున పెరటిలోనికి పోవును. వాడుక చొప్పున గోడమూలను కాలెత్తి నిలుచును, చుక్క పడదు. నాలుగడుగులు వేసి మరల కాలెత్తును. అప్పుడును చుక్క పడదు. నడుము వంచి ముక్కును. చూచినవారు మలబద్ధకమనుకొందురు, లేదా వేడి చేసినదనుకొందురు. గిన్నెడు మజ్జిగ పోయుదురు. సాయంకాలమునకు అది అన్నము ముట్టదు. మరునాడు వాంతి చేసికొనును. ఒక మూలను పడుకొని, పేరు పెట్టి పిలిచినపుడు తోక మాత్రము కదల్చును. మూడవనాటికి ఆ తోకయు కదలదు.

ఇచ్చట జరిగినది వేడి కాదు. మూత్రము వెలుపలికి వచ్చు మార్గమున రాయి యొకటి అడ్డుపడినది. లోపల మూత్రము ఊరుచునే యున్నది. పోవు దారి మాత్రము మూసికొనినది. అట్టి కుక్కచేత ఇంకను నీరు త్రాగించుట నిండిన తొట్టిలోనికి మరల కాలువ తిప్పుట వంటిది.

ఎద్దునకు తెలిసిన జబ్బే

ఈ సీమ రైతులకు, గొఱ్ఱెల కాపరులకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. ఎద్దులందును పొట్టేళ్లయందును మూత్రము బిగియుటను వారెఱుగుదురు. ఎద్దు మూత్రమార్గము నడుమ మెలిక తిరిగి యుండును. చిన్న రాయి ఆ మెలికలో చిక్కుకొనును. పొట్టేలును అమ్మకమునకై బలపరుచుటకు గింజల దాణా మితిమీరి పెట్టినపుడు, ఆ గింజలలోని భాస్వరము మూత్రమున రాయిగా పేరుకొనును. పశువు మాటిమాటికి తోక యెత్తుట, వెనుకకాలితో కడుపు తన్నుకొనుట, నేలపై పడి లేచుట చూచినంతనే అనుభవజ్ఞుడైన కాపరి కారణమును ఊహించును. వెంటనే పశువైద్యునికొఱకు పరుగెత్తును.

కుక్క విషయమున ఆ పరుగు కానరాదు. ఎద్దు ఇంటికి ఆస్తి. పొట్టేలు సంతలో ధర పలుకును. కుక్క దున్నదు, పాలీయదు. మందవెంట తిరుగు గొల్లవాని కుక్కయైనను, నల్లమల పెంటలలో చెంచువాని వెంట నడచు కుక్కయైనను, మార్కాపురము మేడలోని లాబ్రడారు గాని పొమేరియను గాని యైనను, "రేపటికి సర్దుకొనును లే" అను మాట దాని విషయముననే తఱచుగా వినబడును. మూత్రమును గూర్చి నలుగురిలో మాటలాడుటకు సిగ్గుపడుటయు ఈ ఆలస్యమునకు తోడగును. పెంపుడు కుక్కకు జరుగు అన్యాయమంతయు క్రూరత్వము వలన జరుగునది కాదు. ప్రేమించు ఇంటనే ఒకదినపు ఉపేక్ష దాని ప్రాణము తీయవచ్చును.

రాయి పుట్టు విధము

రాయి అన్నంతనే, కుక్క మట్టిలోని రాళ్లు మ్రింగినదేమో యని పిల్లలడుగుదురు. మ్రింగిన రాయి ప్రేగులలోనికి పోవునే గాని మూత్రాశయము చేరదు. మూత్రాశయములోని రాయి అచ్చటనే పుట్టును. ఆ పుట్టుకను పాఠశాలలో సులభముగా చూపవచ్చును. ఒక గ్లాసు వేడినీటిలో పటికపొడి ఇంక కరుగదనువరకు కరగించి, చల్లారిన పిమ్మట అందులో దారమొకటి వ్రేలాడదీయవలెను. కొన్ని దినములకు దారమును పట్టుకొని నిగనిగలాడు పలుకులు ఏర్పడును. నీటిలో లవణము హెచ్చుగా నుండుట, నీరు తక్కువగా నుండుట, పట్టుకొనుటకు ఆధారమొకటి దొరకుట అను మూడును కూడినపుడే పలుకు పుట్టినది.

కుక్క మూత్రాశయమున జరుగునదియు దాదాపిదియే. మూత్రమున పలు లవణములు కరిగియుండును. ఎండకాలమున త్రాగు నీరు చాలనపుడు మూత్రము చిక్కబడును. క్రిములవలన ఏర్పడిన చీము కణములో, ఊడిపడిన పొరలో దారమువలె ఆధారమగును. మార్కాపురము పలకరాయి భూగర్భమున బంకమన్ను ఒత్తిడికి, వేడిమికి లోనై కోట్లకొలది సంవత్సరములలో గట్టిపడినది. క్రిముల మూలమున కుక్క మూత్రాశయమున పుట్టు రాయికి కొన్ని వారములే చాలును.

ఈ రాళ్లన్నియు ఒక్క జాతివి కావు. కొన్ని క్రిములు మూత్రములోని యూరియాను విడగొట్టి అమోనియా పుట్టించును. దానివలన మూత్రము క్షారగుణము పొంది, మెగ్నీషియము, అమోనియము, ఫాస్ఫేటు కలిసిన 'స్ట్రువైటు' రాయి పేరుకొనును. ఆడకుక్క మూత్రమార్గము పొట్టిది, వెడల్పైనది. క్రిములు లోనికి ప్రవేశించుట సులభము. కావున ఈ రాయి ఆడకుక్కలయందు హెచ్చు. రెండవది కాల్షియము ఆక్సలేటు రాయి; ఇది వయసు మీరిన మగకుక్కలలోను చిన్న జాతులలోను తఱచు కానవచ్చును. మూత్రామ్లపు రాయి, సిస్టీను రాయి అనునవి వంశపారంపర్యముగను రావచ్చును.

ఈ పదార్థములలో రెండింటిని శాస్త్రజ్ఞులు మొదట కనుగొనినది మనుష్యుల మూత్రాశయపు రాళ్లలోనే. 1776లో స్వీడను దేశపు షీలే మూత్రామ్లమును, 1810లో ఇంగ్లండు దేశపు వొలస్టన్ సిస్టీనును అట్టి రాళ్లనుండి వేరుచేసిరి. నల్లచుక్కల తెల్లకుక్కగా పిల్లలెఱిగిన డాల్మేషియన్ జాతి మూత్రామ్లమును ఇతర జాతులకంటె హెచ్చుగా విసర్జించును. దానికి హేతువైన జన్యులోపము 2008లో బయల్పడినది. ఒక జాతి అందమును మాత్రమే చూచి తరతరములు పెంచినపుడు కంటికి కానరాని లోపమును దానితోపాటు వచ్చుననుటకు ఇది యుదాహరణము.

నీటిపై నింద

ఈ సీమలో ఏ జబ్బు వచ్చినను నీటిని నిందించుట సహజము. అందుకు కారణము లేకపోలేదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. వారు నాడు పరిశీలించినది నెల్లూరు జిల్లా గ్రామములను. నేడు పశ్చిమ ప్రకాశమనబడు సీమలోని కనిగిరి, పొదిలి ప్రాంతములు అప్పుడా జిల్లాలోనివే. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు ఇవి యన్నియు ఒకచోట చేరినవి. భూగర్భజలములోని ఫ్లోరైడు ఈ ప్రాంతపు జనుల పండ్లను, ఎముకలను పాడుచేసిన చరిత్ర అందఱెఱిగినదే.

అయినను కుక్క మూత్రాశయములోని రాయికి ఆ నేరమంతయు అంటగట్టరాదు. ఫ్లోరైడు బాధ పండ్లది, ఎముకలది. ఉప్పునీరు త్రాగిన ప్రతి కుక్కకును రాయి పుట్టదు. మంచినీరు త్రాగినదానికిని పుట్టవచ్చును. నీటి గుణముకంటె ఇందు ముఖ్యమైనది నీటి పరిమాణము. ఉదయమున ఇంటివారందఱు బడికో, కచేరీకో పోయి సాయంకాలము తిరిగి వచ్చువరకు గదిలో మూసియుంచిన కుక్క మూత్రమును బిగపట్టుకొని యుండును. ఇల్లు మైలపఱుపరాదని దానికి నేర్పినది మనుష్యులే. గొలుసుతో కట్టివేయబడి, ఎండలో కాగిన గిన్నెనీటిని ముట్టని కుక్క స్థితియు అట్టిదే. నీరు తక్కువయై, మూత్రము గంటలకొలది లోన నిలిచియుండుట పటిక గ్లాసును కదల్పక ఉంచుటవంటిది.

గంటల లెక్క

మగకుక్క శరీరనిర్మాణమున ఒక విశేషమున్నది. దాని జననేంద్రియములో సన్నని ఎముక యుండును. మూత్రమార్గము ఆ ఎముక క్రింది గాడిలోనుండి పోవును. ఆ గాడి వెడల్పు కాదు గనుక, లోనుండి జారివచ్చిన రాయి ఎముక మొదట చిక్కుకొనును. ఆడకుక్కకు రాళ్లు పుట్టినను అవి చిన్నవైనచో వెలుపలికి జారిపోవును. మగకుక్కకు అదే పరిమాణపు రాయి ప్రాణాంతకమగును.

దారి పూర్తిగా మూసికొనిన పిమ్మట మూత్రాశయము బిగిసి గట్టిబడును. ఒత్తిడి వెనుకకు మరలి మూత్రపిండములకు తగులును. వడకట్టవలసిన మలినములు నెత్తుటిలోనే నిలిచిపోవును. వాటితోపాటు పొటాషియము హెచ్చి గుండెచలనమును తారుమారు చేయును. ఒక దినము, రెండు దినములు గడచునప్పటికే విషలక్షణములు పొడచూపును. ఒక్కొక్కపుడు మూత్రాశయము చిట్లి కడుపులోనికి మూత్రము పోవుటయు కలదు. అప్పుడు కుక్క కొంచెము నెమ్మదించినట్లు కనబడును. ఇంటివారు తేరుకొనినదని సంతోషింతురు; నిజమునకు అది కీడు ముదిరిన గురుతు.

కావున కొన్ని గురుతులను పెద్దలును పిల్లలును ఎఱిగియుండుట మేలు. మాటిమాటికి మూత్రమునకు నిలుచుట, చుక్కలుగా మాత్రమే వచ్చుట, ఎఱ్ఱని నీరు పడుట, ఆ భాగమును ఎడతెగక నాకుకొనుట, ఏనాడును లేనిది ఇంటిలోనే మూత్రము పోయుట, ఇవి తొలి హెచ్చరికలు. వీటికే ఒకటి రెండు దినములలో పశువైద్యునికి చూపవలెను. ముక్కినను చుక్కయైన పడకుండుట, వాంతులు, కడుపు ముట్టనీయకుండుట అను గురుతులు కనబడినచో తెల్లవారువరకును ఆగరాదు.

చేయరానివియు కొన్ని కలవు. ఉలవకట్టు, కొండపిండి ఆకు, పల్లేరుకాయల కషాయము మూత్రపు రాతికి మందులని పల్లెలలో ప్రసిద్ధి. వాటి గుణదోషముల చర్చ యెట్లున్నను, ఎముక మొదట బిగిసికొనిన రాతిని ఏ కషాయమును కొన్ని గంటలలో కరగింపజాలదు. ఆ కొన్ని గంటలే కుక్కకున్న ఆయుస్సు. ఇంటిలోని మనుష్యుల నొప్పి మాత్రలను దానికి వేయరాదు. వాటిలో పెక్కు కుక్కకు విషములు, మూత్రపిండములకు మరింత కీడు. కడుపును గట్టిగా నొక్కి మూత్రము తెప్పింప యత్నించుట మూత్రాశయమును చేతులార పగులగొట్టుటయే.

కత్తికి ముందు

మొదట చేయవలసినది రాతిని తీయుట కాదు, ప్రాణమును నిలుపుట. పశువైద్యుడు సెలైను ఎక్కించి నెత్తుటి దోషమును తగ్గించును. అవసరమైనచో గుండెను కాపాడు మందులిచ్చును. కాథెటర్ అను సన్నని గొట్టమును లోనికి పంపి మూత్రమును తీయ యత్నించును. అది పోనియెడల సూదితో కడుపుమీదుగా మూత్రాశయమునుండి మూత్రమును లాగి ఒత్తిడి తగ్గించును. పిదప గొట్టము ద్వారా ఉప్పునీటిని ఒడుపుగా చిమ్మి, దారిలోని రాతిని వెనుకకు మూత్రాశయములోనికి నెట్టును. ఇది చాల ఉపయుక్తమైన ఉపాయము. ఇరుకు మార్గమున కత్తి పెట్టుటకంటె విశాలమైన మూత్రాశయమును తెఱచుట క్షేమము. ఎన్ని రాళ్లున్నవో, ఎచ్చటనున్నవో ఎక్స్‌రే తెలుపును. ఎక్స్‌రేకు కానరాని మూత్రామ్లపు రాళ్లవంటి వానిని అల్ట్రాసౌండు పరీక్ష పట్టియిచ్చును.

ఈ సాధనములన్నియు ప్రతి ఊర నుండవు. పట్టణములలోని పశువైద్యశాలలో తొలి చికిత్స జరిపించుకొని పెద్ద ఆసుపత్రికి కొనిపోవలసి వచ్చును. తిరుపతిలో 1955లోను, గన్నవరములో 1998లోను స్థాపితమైన పశువైద్య కళాశాలలు కలవు. ప్రొద్దుటూరునను కళాశాల కలదు. రాష్ట్రమున 2022లో సంచార పశువైద్య వాహనములు ఏర్పడినవి. 1962 అను సంఖ్యకు ఫోను చేసి వాటిని పిలువవచ్చును. దూరప్రయాణమునకు ముందు మూత్రాశయపు ఒత్తిడిని తగ్గించుకొని పోవుట ప్రాణరక్షకము. నిండిన మూత్రాశయముతో గతుకుల దారిన గంటలకొలది ప్రయాణము చేయించుట కంటె, దగ్గరనున్న వైద్యునిచే సూదితో నైనను మూత్రము తీయించుకొని బయలుదేరుట మేలు.

ఇచ్చటనే ఇంటివారికి కఠినమైన నిర్ణయము ఎదురగును. మత్తుమందుకు కుక్క తాళునా? కత్తి పెట్టిన పిదప లేచునా? వైద్యుడు నిశ్చయముగా చెప్పలేడు. ఈ సంశయము నేటిది కాదు. మూత్రాశయపు రాతికి సంస్కృతమున 'అశ్మరి' యని పేరు. మనుష్యులకు దానిని కోసి తీయు విధమును వర్ణించిన సుశ్రుతుడు శస్త్రమును కడపటి ఉపాయముగనే చెప్పెను. చికిత్స చేయనియెడల మరణము నిశ్చయమనియు, చేసినయెడల ఫలితము సందిగ్ధమనియు, కావున ప్రభువు అనుమతి పొంది చేయవలెననియు ఆయన భావము. నేడు పశువైద్యుడు ఇంటి యజమానిచే సంతకము చేయించుకొనుటయు ఆ పద్ధతిలోనిదే. నిశ్చయమైన మరణమునకును, సందిగ్ధమైన జీవితమునకును నడుమ రెండవదానిని ఎన్నుకొనుటకు అవకాశము మొదటిదినముననే హెచ్చు. మూడవనాడు ఆ యెన్నిక పెక్కుసార్లు చేజాఱిపోవును.

శస్త్రచికిత్సయు పిదపయు

కుక్కకు మత్తునిచ్చి, పొత్తికడుపు తెఱచి, మూత్రాశయమును పైకి తీసి కోసి, రాళ్లను ఏఱివేయుదురు. మార్గమున ఇంకను ఏమియు మిగులలేదని ఉప్పునీటితో కడిగి చూచి పొరలు పొరలుగా కుట్టుదురు. మూత్రాశయమునకు త్వరగా మానుకొను గుణము కలదు. రాయి వెనుకకు జరుగక మార్గముననే బిగిసియున్నచో అచ్చటనే కోసి తీయవలసివచ్చును. మాటిమాటికి రాళ్లు అడ్డుపడు మగకుక్కకు, వృషణములను తొలగించి, ఆ స్థలమున మూత్రమునకు వెడల్పైన క్రొత్త ద్వారమును ఏర్పరుతురు. అటుపై అది కాలెత్తినను ధార పూర్వపుచోటనుండి పడదు. ప్రాణము మాత్రము నిలుచును. అన్ని రాళ్లకును కత్తి అవసరము లేదు. మార్గము మూసికొననపుడు, స్ట్రువైటు రాతిని ప్రత్యేకాహారముతోను క్రిమినాశక మందులతోను కరగింపవచ్చును. ఆక్సలేటు రాయి కరుగదు. అందుచే తీసిన రాతిని పాఱవేయక ప్రయోగశాలకు పంపుట ముఖ్యము. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1981లో కార్ల్ ఆస్బర్న్ అను పశువైద్యాచార్యుడు ఈ పనికే ప్రత్యేకముగా ఒక కేంద్రమును నెలకొల్పెను. రాయి ఏ జాతిదో తెలిసినపుడే మరల రాకుండ ఏ యాహారము పెట్టవలెనో తెలియును.

ఇంటికి వచ్చిన పిదప కొన్ని దినములు మూత్రమున ఎఱుపు కనబడుట సహజము. కుట్లను నాకకుండ మెడచుట్టు గరాటువంటి తొడుగు వేయుదురు. దానితో కుక్క తలుపులకు తగులుకొని, గిన్నెలో నోరు పెట్టలేక తికమకపడును. జాలిపడి దానిని తీసివేసినవారు ఊడిన కుట్లతో మరల ఆసుపత్రికి పోవలసివచ్చును. పదునాలుగు దినములవరకు గంతులు వేయనీయక, గొలుసుతో మెల్లగా బయటికి త్రిప్పవలెను. దినమునకు ఎన్నిసార్లు మూత్రము పోసినది, ధార యెట్లున్నది అను వివరములు వ్రాసి యుంచవలెను. జంతుమూత్రమువలన మనుష్యులకు సోకు వ్యాధులును కలవు గనుక శుభ్రము చేయువారు చేతులకు తొడుగులు వేసికొని, పిదప సబ్బుతో కడుగుకొనవలెను.

రాయి తీసినంతనే కథ ముగియదు. అది మరల పుట్టు స్వభావము కలది. నీడపట్టున రెండు మూడు చోట్ల మంచినీరు ఉంచుట, అన్నములో నీరు హెచ్చుగా కలిపి పెట్టుట, దినమునకు నాలుగుసార్లయినను బయటికి విడుచుట, వైద్యుడు చెప్పిన గడువులలో మూత్రపరీక్ష చేయించుట అను నాలుగు పనులు దాని జీవితాంతము సాగవలెను. ఇందు నీటిగిన్నెకు, మూత్రవిసర్జనకు ఖర్చులేదు, కావలసినది గుర్తుంచుకొనుట.

ఆ గుర్తుంచుకొను పనికి ఇంట పిల్లలకంటె తగినవారు లేరు. పెద్దలు పనులలో మునిగియుండగా కుక్క వెంట పెరటిలోనికి పోవువారు, అది ఏ గోడకడ నిలుచునో ఎఱిగినవారు పిల్లలే. పటిక ప్రయోగము చూపిన ఉపాధ్యాయుడు ఆ దినమే ఈ సంగతియు నాలుగు మాటలలో చెప్పవచ్చును. ఇది సిగ్గుపడవలసిన మాట కాదని పెద్దలు ఒప్పుకొనిననాడు, "నేడు మన కుక్క మూత్రము పోయలేదు" అని బడిపిల్లవాడు ఉదయముననే వచ్చి చెప్పును. ఆ మాట విని మజ్జిగ గిన్నెను ప్రక్కన పెట్టి పశువైద్యునియొద్దకు బయలుదేరిన ఇంట కుక్క బ్రతుకుటకు అవకాశము మెండు.